యాభై దాటాక బొమ్మల ప్రింట్: చొక్కానా, గౌనా, స్కర్టా, స్కార్ఫా?

దుకాణంలో హ్యాంగర్లు ఒక్కొక్కటే జరుపుతూ ఉంటే చెయ్యి ఒకచోట ఆగిపోతుంది. ముదురు నీలం బట్ట, దాని మీద బొటనవేలి గోరంత తెల్లటి పిల్లులు. ఒకటి ముడుచుకుని పడుకుంది, ఒకటి ఒళ్లు విరుచుకుంటోంది, ఒకటి తోక ఎత్తి వెనక్కి తిరిగి చూస్తోంది. మనకి తెలియకుండానే నవ్వొస్తుంది. ఆ వెంటనే "ఈ వయసులో నాకెందుకివి" అనిపించి హ్యాంగర్ మళ్లీ వరసలోకి వెళ్లిపోతుంది. నేను చాలాసార్లు అలాగే పెట్టేశాను. దాని పక్కనున్న లేత గోధుమరంగు సాదా చొక్కా కొనుక్కొచ్చి, దాన్ని ఏడాదికి రెండుసార్లు కూడా వేసుకోలేదు.

ఆ హ్యాంగర్ దగ్గర ఆగిపోయిన ఆడవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బొమ్మ చిలిపిదైతే మిగతావన్నీ పెద్దరికంగా ఉండాలి: కుట్టిన తీరు, బట్ట, రంగు, చెప్పులు, బ్యాగు. చిలిపితనాన్ని తగ్గించక్కర్లేదు, ఒక్కచోట ఉంచితే చాలు. పిల్లల బట్టల్లో బొమ్మలతోపాటు కుచ్చులు, బుట్ట చేతులు, మెరిసే గుండీలు, ఆరేడు రంగులు అన్నీ కలిసి ఉంటాయి. "చిన్నపిల్ల గౌనులా ఉందే" అని ఎవరికైనా అనిపించేది ఆ గుంపుని చూసే.

ముందు ఏ బొమ్మో తేల్చుకోవాలి

చుక్కలు అన్నిటికన్నా సులువు. పోల్కా డాట్ అన్న పేరు 19వ శతాబ్దం మధ్యలో యూరప్‌నీ అమెరికానీ ఊపేసిన పోల్కా నృత్యం నుంచి వచ్చింది. అప్పట్లో ఆ పేరు తగిలించి రకరకాల సరుకులు అమ్మారు, జనం నోట నిలిచింది మాత్రం చుక్కలే. జపాన్ కళాకారిణి యయోయి కుసామా 1929లో పుట్టారు. తొంభై దాటాక కూడా ఎర్రటి విగ్గుతో, చుక్కల గౌనుతోనే ఫొటోల్లో కనిపించారు. చుక్కలన్నీ ఒకే సైజులో, సమానమైన ఎడంతో ఉంటే ఆఫీసుకి కూడా చక్కగా నడుస్తాయి. చిన్నా పెద్దా కలిసిపోయి, రంగురంగులుగా చెదిరి ఉంటే ఆ చుక్కలే పుట్టినరోజు బెలూన్లలా కనిపిస్తాయి. మొదటిసారి ప్రింట్ల వైపు వస్తున్నవాళ్లు ఒకే సైజు చుక్కలతో మొదలుపెట్టడం మంచిది.

చిరుతపులి మచ్చల గురించి ఎక్కువ చెప్పను. ఫ్రెంచ్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ 1947లో తన తొలి కలెక్షన్‌లోనే ఆ ప్రింట్ వాడారు, అప్పట్నుంచీ అది పెద్దవాళ్ల ప్రింటే. మెరుపు లేని బట్ట మీద ఉన్నది ఎంచుకుంటే సరిపోతుంది.

తికమక పెట్టేవి అసలు బొమ్మలే. పిల్లులు, గొడుగులు, సైకిళ్లు, పక్షులు, కళ్లజోళ్లు. బట్టల వ్యాపారంలో వీటిని కన్వర్సేషనల్ ప్రింట్లు అంటారు, అంటే మాట కలిపించే ప్రింట్లు. పేరు సరిగ్గా కుదిరింది, ఎందుకంటే ఇలాంటి చొక్కా వేసుకున్న రోజు ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా పలకరిస్తారు. ఫ్యాషన్ డిజైనర్ ఎల్సా స్కియాపరెల్లి 1937లో చిత్రకారుడు సాల్వడార్ డాలీతో కలిసి ఒక గౌను తయారుచేశారు. తెల్లటి పట్టు గౌను, ముందువైపు స్కర్ట్ మీద పెద్ద ఎర్రటి లాబ్‌స్టర్, అంటే పెద్ద రొయ్యలాంటి సముద్రజీవి. అప్పటికి ఆవిడకి నలభై ఆరు నిండాయి. ఆ గౌను ఫొటో చూస్తే నాకు లాబ్‌స్టర్ కన్నా గౌను ఆకారం ఎక్కువ గుర్తుండిపోయింది. నడుం దగ్గర ఎర్ర పట్టీ, కింద పొడవాటి స్కర్ట్, అంతే. బొమ్మ ఎంత వింతదైతే కుట్టు అంత సాదాగా ఉండాలని ఆవిడకి బాగా తెలుసు.

బొమ్మల్లోనే ఒక తేడా గమనించండి. పెద్ద పెద్ద కళ్లతో, నవ్వుతూ నేరుగా మనవైపు చూసే పిల్లి ఒక రకం. పక్కనుంచి గీసిన, తన పనేదో తను చూసుకుంటున్న పిల్లి ఇంకో రకం. మొదటిది పిల్లల పుస్తకంలోది, రెండోది చిత్రకారుడి నోట్‌బుక్‌లోది. రెండూ పిల్లులే అయినా రెండోదాన్ని యాభై ఏళ్ల మనిషి ఏ సంకోచం లేకుండా వేసుకోవచ్చు. కార్టూన్ పాత్రలు, పెద్దక్షరాలతో రాసిన మాటలు ఉన్నవి మాత్రం రాత్రి దుస్తులకి వదిలేయండి. ఈ విషయంలో నా అభిప్రాయం మారదు.

రెండు రంగులా, ఏడు రంగులా

దాదాపు ప్రతిసారీ రెండు రంగులదే గెలుపు. రంగులు తక్కువైతే ఆరడుగుల దూరం నుంచి ప్రింట్ బొమ్మలా కనిపించదు, నేతలోనే ఉన్న డిజైన్‌లా కనిపిస్తుంది. దగ్గరికొచ్చాకే ఎదుటివాళ్లకి పిల్లి దొరుకుతుంది. ఆ ఆలస్యంలోనే పెద్దరికం ఉందని నా నమ్మకం. ఏడు రంగుల ప్రింట్‌కి ఆ ఆలస్యం ఉండదు, తలుపు దగ్గర ఉన్నప్పుడే మొత్తం చెప్పేస్తుంది.

ఎన్ని రంగులన్నది ఒక ఎత్తు, ఆ రంగుల మధ్య ఎంత తేడా ఉందన్నది ఇంకో ఎత్తు. వయసు పెరిగేకొద్దీ కనుబొమలు పల్చబడతాయి, పెదాల రంగు తగ్గుతుంది, జుట్టు నెరుస్తుంది. చాలామందికి ముఖంలో ముదురు, లేత రంగుల తేడా మునుపటంత ఉండదు. అలాంటప్పుడు తెల్ల బట్ట మీద కారునలుపు బొమ్మలు మెడ కిందే ఉంటే చూసేవాళ్ల చూపు ముందు బట్ట మీదే పడుతుంది, మనం తర్వాతే. అందరికీ ఇది వర్తించదు. చామనఛాయకి పూర్తిగా తెల్లబడిన జుట్టు తోడైతే ముఖంలోనే గట్టి తేడా ఉంటుంది, వాళ్లకి నలుపు తెలుపు ప్రింట్ అద్భుతంగా ఉంటుంది.

ఊహించుకోవడం ఎందుకు, ఫోన్‌తో తేల్చేయొచ్చు. ట్రయల్ రూమ్‌లో అద్దం ముందు ఫొటో తీసుకుని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. మొదటి చూపు ముఖం మీదికి వెళ్తే ఆ చొక్కా మీకు తగినదే. బట్ట మీదికి వెళ్తే అదే ప్రింట్‌ని స్కర్ట్‌గా చూడండి, లేదా తెలుపు బదులు మీగడ రంగు, నలుపు బదులు నేవీ బ్లూ ఉన్నదాన్ని వెతకండి.

గోరంతా, అరచేయంతా

మరీ చిన్న బొమ్మలు ఒత్తుగా ఉంటే దూరానికి బట్ట మసకబారినట్టు ఉంటుంది. దానికన్నా సాదా బట్టే నయం. బొటనవేలి గోరు నుంచి అగ్గిపెట్టె దాకా ఉండే సైజు చొక్కాలకి బాగుంటుంది. బొమ్మ సైజుతోపాటు బొమ్మల మధ్య ఖాళీ కూడా చూడండి. కనీసం బొమ్మంత ఖాళీ ఉంటే ప్రింట్‌కి ఊపిరాడుతుంది. అందరూ సైజు చూస్తారు, ఖాళీ సంగతి పట్టించుకోరు. నన్నడిగితే ప్రింట్ ఒద్దికగా ఉందా లేదా అన్నది తేల్చేది ఆ ఖాళీయే.

అరచేయంత, అంతకన్నా పెద్ద బొమ్మలు తక్కువేం కాదు, కానీ వాటికి తెగని బట్ట కావాలి. ఫిన్లాండ్ డిజైనర్ మైయా ఇసోలా 1964లో మారిమెక్కో కంపెనీకి ఉనిక్కో అనే పెద్ద పూల ప్రింట్ గీశారు, అది ఇప్పటికీ అమ్ముడవుతోంది. అంత పెద్ద పువ్వు గౌను మీద నప్పాలంటే గౌను తిన్నగా, వదులుగా, టక్కులు లేకుండా ఉండాలి. నడుం దగ్గర నొక్కి, ఛాతీ దగ్గర టక్కులు వేసి, ముందు ఆరు ముక్కలుగా కోస్తే పువ్వు పువ్వులా మిగలదు.

నాకిది అనుభవంలోనే తెలిసింది. అరచేయంత కొంగలున్న బట్ట కొని చొక్కా కుట్టమని ఇచ్చాను. ఏమీ చెప్పలేదు, కొలతలు మాత్రమే ఇచ్చాను. చొక్కా వచ్చాక చూస్తే ఎడమవైపు ఛాతీ టక్కులో ఒక కొంగ మెడ మొత్తం మాయమైంది. ఒంటి మీంచి నేరుగా ముక్కు పొడుచుకొచ్చినట్టు ఉంది. గుండీల పట్టీ దగ్గర ఇంకో కొంగకి రెండు తోకలు వచ్చాయి. కొలతల ప్రకారం చొక్కా సరిగ్గానే కుదిరింది, అయినా ఒక్కసారి కూడా బయటికి వేసుకెళ్లలేకపోయాను. అప్పట్నుంచీ కత్తెర పడకముందే బట్ట పరిచి, ఏ బొమ్మ ఎక్కడ రావాలో సుద్దతో గుర్తు పెట్టిస్తాను. ఛాతీ మొనల మీద తల గానీ చక్రం గానీ రాకూడదు. పొట్ట మధ్యలో ఒంటరి బొమ్మ రాకూడదు. గుండీలు పెట్టాక రెండు వైపుల బొమ్మా ఒకటిగా కలవాలి. ఇందుకు బట్ట కొంచెం ఎక్కువ పడుతుంది. బొమ్మ ఎన్ని అంగుళాలకి మళ్లీ మొదలవుతోందో టేపుతో కొలిచి, కనీసం అంత అదనంగా తీసుకోండి.

రెడీమేడ్ అయితే పని ఇంకా సులువు. జేబు, గుండీల పట్టీ, పక్క కుట్టు, ఈ మూడు చోట్లా చూడండి. జేబు మీది బొమ్మ చొక్కా మీది బొమ్మతో కలిసిపోయి, జేబు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే ఆ చొక్కా శ్రద్ధగా కుట్టినట్టు. అలాంటి చొక్కా మీద పిల్లులున్నా ఎవరూ చిన్నచూపు చూడరు.

ఇంకొకటి. నిలబడ్డ మనుషులు, జంతువులు, చెట్లు ఉన్న ప్రింట్‌కి పైనా కిందా ఉంటుంది. భుజం దగ్గర కుట్టు లేకుండా ముందూ వెనకా ఒకే ముక్కతో కుట్టిన దుస్తుల్లో వీపు మీద పిల్లులన్నీ తలకిందులుగా వేలాడతాయి. స్కార్ఫ్‌లో కూడా ఒక కొస ఎప్పుడూ తలకిందులే. వాటికి నాలుగు దిక్కులా తిరిగి ఉన్న బొమ్మలు తీసుకోవాలి.

ఇక అసలు ప్రశ్న: దేని మీద?

అన్నిటికన్నా ముందు చొక్కా. కాలరు, కఫ్‌లు, గుండీల పట్టీ, ఇవన్నీ పుట్టుకతోనే పెద్దరికం ఉన్నవి. పిల్లుల్ని అదుపులో పెట్టే పని చొక్కాయే చేసుకుంటుంది. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద కూర్చోవాలి, గుండీలు బట్ట బ్యాక్‌గ్రౌండ్ రంగులోనే, మెరుపు లేకుండా ఉండాలి. పైన సాదా బ్లేజర్ వేస్తే మధ్యలో ఒక నిలువు పట్టీ మాత్రమే కనిపిస్తుంది. మీటింగ్‌లో పట్టీ, మీటింగ్ అయ్యాక బ్లేజర్ తీస్తే పూర్తి ప్రింట్. ఒకే బట్టతో రెండు స్థాయిలు దొరకడం ఇంకే దుస్తుల్లోనూ లేదు. లోపమల్లా ఒకటే, అది ముఖానికి దగ్గర. అందుకే పైన చెప్పిన ఫోన్ ఫొటో పరీక్ష చొక్కాలకి తప్పనిసరి.

గౌను సంగతి వేరు. సరిగ్గా కుదిరితే దానంత అందం ఇంకోటి లేదు, కుదరకపోతే దాచుకోవడానికి చోటుండదు. మెడ నుంచి పిక్కల దాకా బొమ్మలే కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ ముదురుగా, బొమ్మలు పలచగా ఉండాలి. ముందు గుండీలున్న షర్ట్ డ్రెస్ గానీ, తిన్నగా జారే గౌను గానీ ఎంచుకోండి. నడుం దగ్గర కుచ్చులున్నవి వద్దు. సాదా బెల్టు పెడితే పైనా కిందా విడిపోయి కంటికి కొంచెం విశ్రాంతి దొరుకుతుంది. కొనేముందు ఆలోచించాల్సింది మరొకటి ఉంది. బొమ్మల గౌను అందరికీ గుర్తుండిపోతుంది. నేవీ బ్లూ సాదా గౌను వారానికోసారి వేసుకున్నా ఎవరికీ పట్టదు, గొడుగుల గౌను నెలలో రెండోసారి వేసుకుంటే పట్టేస్తారు. తక్కువ బట్టలతో గడుపుకునేవాళ్లకి గౌను కన్నా చొక్కా మేలు.

స్కర్ట్ మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. ముఖానికి దూరం కాబట్టి రంగుల తేడా, బొమ్మ సైజు, రెండింటిలోనూ చొక్కా ఇవ్వని స్వేచ్ఛ ఇక్కడ ఉంటుంది. ఏడు రంగుల ప్రింట్ మీద మనసు పడి వదల్లేకపోతే దాని చోటు ఇదే. పైన సాదా చొక్కా గానీ పల్చటి స్వెటర్ గానీ, పొడవు మోకాలు దాటి పిక్క మధ్య వరకు. సన్నటి మడతల స్కర్ట్ మీద గొడుగుల ప్రింట్ ఊహించుకోండి. నిలబడితే మడతల్లో రంగుల చారలే కనిపిస్తాయి. అడుగు వేయగానే మడత విడిపోయి ఒక గొడుగు తెరుచుకుంటుంది, రెండో అడుగుకి అది మూసుకుని ఇంకోటి తెరుచుకుంటుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. చొక్కా మీది బొమ్మని మనం చూసుకోలేం, ఎదుటివాళ్లే చూస్తారు. స్కర్ట్ మీదిది మనం కూర్చున్నప్పుడు మన ఒళ్లోనే ఉంటుంది. బొమ్మని ఎవరి కోసం కొంటున్నారో ఒక్క నిమిషం ఆలోచించండి. మీ కోసమే అయితే స్కర్ట్ కొనండి.

స్కార్ఫ్‌తో మొదలుపెట్టమని అందరూ సలహా ఇస్తారు. నేను సగమే ఒప్పుకుంటాను. మెడ చుట్టూ మడతలు పడ్డాక పక్షి రెక్క ఒకచోట, ముక్కు ఒకచోట అవుతుంది. కనిపించేది రంగులే, బొమ్మ కాదు. మీకు నచ్చింది ఆ ప్రింట్‌లోని రంగులైతే స్కార్ఫ్ చాలా మంచి ఎంపిక. నచ్చింది గీసిన ఆ పక్షే అయితే స్కార్ఫ్ మిమ్మల్ని నిరాశపరుస్తుంది.

బొమ్మల ప్యాంటు మాత్రం వద్దు. ఎంత మంచి బట్టయినా నైట్ డ్రెస్‌లానే కనిపిస్తుంది. ఇంకా బెరుకు పోనివాళ్లకి కోటు లోపలి లైనింగ్ ఉంది. కోటు విప్పి కుర్చీకి తగిలించినప్పుడు మాత్రమే పిల్లులు బయటపడతాయి.

బట్ట చేతికి ఎలా తగులుతోంది

ప్రింట్ బాగుండి బట్ట నాసిరకమైతే మొత్తం తేలిపోతుంది. పాప్లిన్ కాటన్ గట్టిగా నిలబడుతుంది, చొక్కాకి బాగుంటుంది, బొమ్మ గీతలు పదునుగా ఉంటాయి. క్రేప్, మంచి విస్కోస్ ఒంటిమీద జారతాయి, ప్రింట్‌ని కొంచెం మెత్తబరుస్తాయి. గౌనుకీ స్కర్ట్‌కీ అవే మేలు. శాటిన్ మీద బొమ్మలు నాకు నచ్చవు, మెరుపూ బొమ్మా రెండూ ఒకేసారి చూడమంటాయి. పల్చటి టీషర్ట్ బట్టతో ఇంకో చిక్కుంది. ప్రింట్ పైపైనే వేసినదైతే బట్ట సాగినచోట కింది తెలుపు బయటపడుతుంది, ఛాతీ దగ్గరా పిరుదుల దగ్గరా నేవీ బ్లూ బూడిదరంగుకి తిరుగుతుంది. కొనేముందు రెండు చేతులతో బట్టని కొద్దిగా సాగదీసి చూడండి. తర్వాత తిరగేసి చూడండి. వెనకవైపు కూడా రంగు బాగా దిగి ఉంటే మంచిది. ఎండిన రంగు పొరలా చేతికి గరుగ్గా తగిలితే ఉతికేకొద్దీ పగుళ్లు పడే అవకాశం ఎక్కువ.

తోడుగా ఏం వేసుకోవాలి

ఇక్కడ ఎక్కువమంది చేసే పని ఒకటుంది. పిల్లుల చొక్కాకి పిల్లి చెవిపోగులు కొనడం. దయచేసి వద్దు. అప్పటిదాకా చొక్కా నిలబెట్టిన ఒద్దిక ఆ చెవిపోగులతో పోతుంది. సాదా బంగారు రంగు పోగులు, గట్టి ఆకారం ఉన్న బ్యాగు, మొన ఉన్న చెప్పులు లేదా శుభ్రమైన లోఫర్లు చాలు. ప్రింట్‌లోంచి రంగు తీసుకోవాలనుకుంటే బ్యాక్‌గ్రౌండ్ రంగు తీసుకోండి. నీలం మీద ఎర్ర ముక్కుల పక్షులుంటే నీలం ప్యాంటు వేసుకోండి, ఎర్ర ప్యాంటు కాదు. ఎరుపు అంతగా కావాలంటే లిప్‌స్టిక్‌గా రానివ్వండి.

ప్రింట్‌తో ప్రింట్ కలపడం కుదురుతుంది, చారలతో అయితేనే. సన్నటి నీలం తెలుపు అడ్డచారల టీషర్ట్ మీద బొమ్మల చొక్కా గుండీలు విప్పి వేసుకుంటే హాయిగా ఉంటుంది. అడ్డచారలు లావుగా చూపిస్తాయన్న భయం చాలామందికి ఉంటుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ 19వ శతాబ్దంలోనే అడ్డగీతలతో నింపిన చతురస్రం ఉన్నదానికన్నా పొడుగ్గా కనిపిస్తుందని చెప్పారు. 2008లో యార్క్ యూనివర్సిటీకి చెందిన పీటర్ థాంప్సన్ ఆడవాళ్ల బొమ్మలు పక్కపక్కన పెట్టి పరీక్షించినప్పుడు కూడా అడ్డచారలు లావు చూపించలేదు. కాబట్టి ఆ భయం పక్కన పెట్టొచ్చు.

ఒక్కచోటే చిలిపితనం అన్న నా మాటకి పూర్తిగా ఎదురు నిలిచిన మనిషి అమెరికా ఇంటీరియర్ డిజైనర్ ఐరిస్ ఆప్ఫెల్. 2005లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం ఆవిడ దుస్తులు, నగలతో ప్రదర్శన పెట్టేనాటికి ఆవిడకి 84 ఏళ్లు. ప్రింట్ మీద ప్రింట్, చేతినిండా లావు గాజులు, ముఖంలో సగం ఆక్రమించే గుండ్రటి కళ్లజోడు. నాకు ఆవిడంటే ఎంతో ఇష్టం. ఆ దారి మీకు నచ్చితే పైన రాసినవన్నీ పక్కన పెట్టి పూర్తిగా అటే వెళ్లండి. సగం అటూ సగం ఇటూ ఉంటే మాత్రం పొరపాటున వేసుకొచ్చినట్టు ఉంటుంది.

ఎవరికి ఏది

ఆఫీసుకి వెళ్తూ కొంచెం బెరుగ్గా ఉన్నవాళ్లు రెండు రంగుల చొక్కా, గోరంత బొమ్మ, పైన బ్లేజర్ ఎంచుకోవచ్చు. రిటైరై, రోజంతా తమ చేతిలోనే ఉన్నవాళ్లు మడతల స్కర్ట్ కొనుక్కోవాలని నా కోరిక. పొడుగ్గా ఉండి, తిన్నగా జారే దుస్తులు నప్పేవాళ్లు అరచేయంత బొమ్మల గౌను ధైర్యంగా వేసుకోవచ్చు. పొట్టిగా ఉన్నవాళ్లకి పెద్ద బొమ్మ నప్పదన్న మాట నేను ఒప్పుకోను. గౌను మీద ఆ బొమ్మ కనీసం నాలుగైదుసార్లు పూర్తిగా కనిపించేంత చోటుంటే చాలు.

చివరికి నేను ఏం తీసుకున్నానంటే, రెండు చొక్కాల మధ్య చాలాసేపు ఊగిసలాడాను. ఒకటి మీగడ రంగు క్రేప్, దాని మీద నారింజ, ఆకుపచ్చ, గులాబీ రంగుల పిల్లులు. రెండోది ఆ నేవీ బ్లూ పాప్లిన్. క్రేప్ చేతికి ఎంతో మెత్తగా తగిలింది, కానీ ఫొటోలో ముందు నారింజ పిల్లే కనిపించింది, నేను కాదు. పాప్లిన్ జేబు దగ్గర పడుకున్న పిల్లి తోక జేబు మీద మొదలై, కుట్టు దాటి, చొక్కా మీద సరిగ్గా ముగిసింది. ఎవరో ఆ తోక కలిసేదాకా బట్టని జరిపి జరిపి కోశారు. ఆ తోక చూశాకే నేవీ బ్లూది బిల్లుకి ఇచ్చాను.